రెండు కిలోల పాప... మూడు బంగారు పతకాలు

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే, మీకు ఒక అమ్మాయి గురించి చెప్పాలి. పుట్టినప్పుడు ఆమె బరువు సుమారు రెండు కిలోలు. పన్నెండేళ్లు వచ్చేసరికి గానీ సాయం లేకుండా నడవలేకపోయింది. ఇరవై ఏళ్లకు ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే మహిళ అయింది. ఆమే అమెరికాకు చెందిన విల్మా రుడాల్ఫ్. ఆమె జీవితం స్ఫూర్తి కథగా మీరు వినే ఉంటారు. ఈసారి ఒక పసిబిడ్డ ఎదుగుదల కథగా చదవండి. ఎక్కడ ఏం జరిగింది, ఎవరు ఏం చేశారు, అందులో మన ఇంటికి పనికొచ్చేది ఏమిటన్నది చూద్దాం.

ఇరవయ్యో సంతానం

1940 జూన్ 23. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, క్లార్క్స్‌విల్ పట్టణం పక్కనే ఉన్న సెయింట్ బెత్లెహెమ్‌లో విల్మా పుట్టింది. తండ్రి ఎడ్ రైల్వేలో పోర్టర్. తీరిక దొరికితే చిల్లర పనులు కూడా చేసేవాడు. తల్లి బ్లాంచ్ పట్టణంలోని తెల్లవారి ఇళ్లలో పనిమనిషి. తండ్రికి రెండు పెళ్లిళ్ల ద్వారా కలిగిన 22 మంది పిల్లల్లో విల్మా ఇరవయ్యోది. నెలలు నిండకముందే పుట్టింది. బరువు నాలుగున్నర పౌండ్లు, అంటే మన లెక్కలో రెండు కిలోలు.

రెండు కిలోలంటే ఎంత తక్కువ? పుట్టిన బిడ్డ బరువు రెండున్నర కిలోల కంటే తక్కువగా ఉంటే దాన్ని తక్కువ బరువుగా లెక్కిస్తారు. కిలోన్నర కంటే తక్కువైతే చాలా తక్కువ బరువు. కిలో కూడా లేకపోతే అత్యంత తక్కువ బరువు. ఇది అరుదైన సమస్యేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పుట్టినప్పుడు బరువు నమోదైన పిల్లల్లో దాదాపు 18 శాతం మంది రెండున్నర కిలోల లోపువారే. కాబట్టి మీ బిడ్డ తక్కువ బరువుతో పుడితే తప్పంతా మీదేనని కుంగిపోకండి. చుట్టాలు కూడా తల్లిని తప్పుపట్టకూడదు.

అయితే ఒక తేడా మీరు తెలుసుకోవాలి. బరువు తక్కువ కావడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, విల్మాలాగా నెలలు నిండకముందే పుట్టడం. రెండు, నెలలు నిండినా కడుపులో సరిగా ఎదగకపోవడం. తల్లికి రక్తహీనత, బీపీ, పోషకాహార లోపం, కవలలు, మాయ సరిగా పనిచేయకపోవడం వంటివి ఇందుకు దారితీయొచ్చు. బయటికి ఇద్దరు పిల్లలూ ఒకేలా సన్నగా కనిపించినా, వారి ఎదుగుదలను చూసే తీరు వేరు. డిశ్చార్జి కాగితంలో ఎన్నో వారంలో పుట్టిందో, ఎంత బరువుందో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. పిల్లల డాక్టరు ప్రతిసారీ మొదట అడిగేది దాన్నే.

వెచ్చదనం, పాలు, శుభ్రత

విల్మా పుట్టిన రోజుల్లో ఇంక్యుబేటర్లు పెద్ద నగరాల్లోని ఆసుపత్రులకే పరిమితం. పైగా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికి ఆసుపత్రులు, బళ్లు, బస్సుల్లో సీట్లు అన్నీ వేరు. క్లార్క్స్‌విల్‌లో నల్లవారికి అందే వైద్యం అంతంతమాత్రమే. అలాంటి చోట రెండు కిలోల బిడ్డ బతికి బట్టకట్టడమే గొప్ప సంగతి.

ఇప్పుడు మనకున్న సదుపాయం వేరు. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలున్నాయి. అంతకంటే ముఖ్యమైన విషయం, పైసా ఖర్చులేని వైద్యం ఒకటి మీ దగ్గరే ఉంది. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టే పద్ధతి మొదలుపెట్టారు. అదే కంగారూ కేర్. తక్కువ బరువు బిడ్డలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలని, రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 24 గంటల దాకా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తల్లి అలసిపోతే తండ్రి చేయొచ్చు, అమ్మమ్మ, నానమ్మ కూడా చేయొచ్చు. బిడ్డ ఒంటి వేడి నిలబడుతుంది, పాలు బాగా తాగుతుంది, బరువు పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి.

పాల విషయంలో తల్లి పాలను మించినది లేదు. ముర్రుపాలు పిండి పారబోయకండి. బిడ్డకు చప్పరించే బలం లేకపోతే, పాలు పిండి గిన్నెతోనో, పాలాడతోనో పట్టమని నర్సులు నేర్పిస్తారు. మొదటి వారంలో బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. రాకపోతే డాక్టరుకు చూపించాలి. ఐరన్, విటమిన్ డి చుక్కలు తక్కువ బరువు పిల్లలకు త్వరగా అవసరమవుతాయి. ఎప్పటినుంచి, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి.

మన ఇళ్లలో నూనె మర్దన, నలుగు, స్నానం ఆనవాయితీ. నెలలు నిండని బిడ్డకు ఇందులో తొందర వద్దు. బరువు పుంజుకునే వరకు తడిగుడ్డతో తుడిస్తే చాలు. మర్దన చేయాలంటే డాక్టరును అడిగి, వెచ్చని గదిలో, మెత్తగా చేయండి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం మానేయండి. ఆ చిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

జబ్బు వెంట జబ్బు

విల్మా బాల్యమంతా మంచం మీదే గడిచింది. న్యుమోనియా వచ్చింది. స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. నాలుగైదేళ్ల వయసులో పోలియో వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కాలు, పాదం బలం కోల్పోయాయి. లోహపు పట్టీలు బిగించిన బ్రేస్ లేకుండా నిలబడలేని పరిస్థితి. తోటి పిల్లలు బడికి వెళ్తుంటే ఆమెకు చదువు ఇంట్లోనే సాగింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. విల్మా కాలు దెబ్బతిన్నది పోలియో వల్ల, తక్కువ బరువుతో పుట్టడం వల్ల కాదు. ఈ రెండింటినీ కలిపేసి, సన్నగా పుట్టిన బిడ్డకు కాళ్లు పడిపోతాయేమోనని బెంగపెట్టుకోవద్దు. అయితే నెలలు నిండని పిల్లల్లో రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా అంటుకుంటాయి. అందుకే వారి విషయంలో టీకాలు మరీ ముఖ్యం.

చాలామంది తల్లిదండ్రులు చేసే పొరపాటు ఏమిటంటే, బిడ్డ ఇంకా చిన్నగా ఉందని టీకాలు వాయిదా వేయడం. అలా చేయకూడదు. ఆరోగ్యం నిలకడగా ఉంటే, నెలలు నిండని బిడ్డకైనా పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టి అందరు పిల్లల్లాగే సమయానికి టీకాలు వేయించాలి. పుట్టినప్పుడు బరువు రెండు కిలోల లోపు ఉంటే కొన్ని టీకాల విషయంలో చిన్న మార్పులుంటాయి. అవి మీ డాక్టరు చూసుకుంటారు.

విల్మాకు పోలియో వచ్చిన నాటికి దానికి టీకా లేదు. సాల్క్ టీకా 1955లో గానీ అందుబాటులోకి రాలేదు. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో భారత్ పోలియో రహితమని ధ్రువీకరించారు. మన పిల్లలకు రెండు చుక్కలతో అందుతున్న రక్షణ ఆ తల్లికి ఎంత కావాలనుకున్నా దొరకలేదు.

వారం వారం బస్సులో

పాప ఇక నడవడం కష్టమన్న మాటను తల్లి బ్లాంచ్ ఒప్పుకోలేదు. క్లార్క్స్‌విల్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని నాష్‌విల్‌లో నల్లవారి కోసం నడిచే మెహారీ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ చికిత్స దొరుకుతుందని తెలిసింది. ఇళ్లలో పని చేసుకుంటూనే, వారానికోసారి కూతుర్ని తీసుకుని బస్సెక్కేది. రెండేళ్ల పాటు ఆ ప్రయాణం సాగింది. అక్కడి డాక్టర్లు కాలికి వ్యాయామాలు చేయించారు, మర్దన ఎలా చేయాలో తల్లికి నేర్పారు.

అసలు పని ఇంట్లో జరిగింది. నేర్చుకున్న మర్దనను బ్లాంచ్ పెద్ద పిల్లలకు నేర్పింది. రోజుకు నాలుగుసార్లు, ఎవరో ఒకరు ఆ కాలిని పట్టి మర్దన చేసేవారు. రోజూ, మానకుండా. చికిత్స వారానికి ఒక్కరోజు ఆసుపత్రిలో, మిగతా ఆరు రోజులూ ఇంట్లో. ఫిజియోథెరపీ ఈనాటికీ ఇలాగే పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు థెరపిస్టు దగ్గరికి వెళ్లొచ్చి, ఇంట్లో ఏమీ చేయకపోతే ఫలితం అంతంతమాత్రమే.

మీ బిడ్డకు ఈ సాయం అవసరమా కాదా అన్నది ఎలా తెలుస్తుంది? ముందు వయసు లెక్క సరిచూసుకోండి. బిడ్డ రెండు నెలలు ముందుగా పుట్టిందనుకోండి. ఇప్పుడు ఎనిమిది నెలలైతే, ఎదుగుదల లెక్కకు ఆరు నెలల బిడ్డగానే చూడాలి. దీన్ని సవరించిన వయసు అంటారు. రెండేళ్లు నిండే దాకా బరువు, పొడవు, కూర్చోవడం, నడవడం అన్నీ ఈ వయసు ప్రకారమే చూడాలి. పక్కింటి బిడ్డతో పోల్చి కంగారుపడే తల్లుల బెంగ సగం ఈ లెక్కతోనే తీరిపోతుంది.

సవరించిన వయసు ప్రకారం మూడు నాలుగు నెలలకు మెడ నిలబడాలి. ఆసరా లేకుండా కూర్చోవడం తొమ్మిది నెలల్లోపు, సొంతంగా నడవడం పద్దెనిమిది నెలల్లోపు వస్తే మామూలే. ఒకరు తొమ్మిదో నెలలో నడిస్తే, మరొకరు పదహారో నెలలో నడవొచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆగకండి. నాలుగు నెలలు దాటినా పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉండటం, ఒళ్లు మరీ బిగుసుకుపోవడం లేదా గుడ్డబొమ్మలా వేలాడటం, నిలబెడితే కాళ్లు కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడటం, ఏడాది నిండకముందే ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని పట్టించుకోకపోవడం వంటివి చూస్తే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. మాటలు లేటైతే, నడక లేటైతే వాళ్ల నాన్నకూ అలాగే వచ్చాయిలే అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. ఆ ఓదార్పులో విలువైన నెలలు గడిచిపోతాయి. మెదడు మొదటి రెండేళ్లలో చాలా వేగంగా ఎదుగుతుంది. థెరపీ ఎంత త్వరగా మొదలైతే అంత ఫలితం. ఇందుకోసం ప్రభుత్వం జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రాలను నడుపుతోంది. అక్కడ పరీక్షలు, థెరపీ ఉచితం.

ఇంకో మాట. త్వరగా నడక రావాలని చక్రాల వాకర్లో కూర్చోబెట్టకండి. దానివల్ల నడక ముందుగా రాదు సరికదా, దొర్లిపడి తలకు దెబ్బలు తగిలే ప్రమాదం ఉంది. నేల మీద బోర్లా పడుకోబెట్టి, మీరు ఎదురుగా కూర్చుని ఆడించండి. మెడకు, వీపుకు, భుజాలకు అదే వ్యాయామం.

బ్రేస్ తీసేసి బాస్కెట్‌బాల్ కోర్టుకు

ఏడేళ్ల వయసులో, 1947లో, విల్మా మొదటిసారి బడికి వెళ్లింది. కాలికి బ్రేస్, తర్వాత ప్రత్యేకమైన బూటు. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ రెండూ వదిలేసి నడిచింది. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది. కోర్టులో అటూ ఇటూ ఆగకుండా తిరుగుతుంటే కోచ్ ఆమెకు స్కీటర్ అని పేరుపెట్టాడు. వాళ్ల వాడుక మాటలో దోమ అని అర్థం. టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ కోచ్ ఎడ్ టెంపుల్ దృష్టి ఆమె మీద పడింది. వేసవి శిబిరానికి పిలిపించి పరుగు నేర్పాడు.

రెండు కిలోలతో పుట్టిన ఆ పాప చివరికి 5 అడుగుల 11 అంగుళాల ఎత్తు ఎదిగింది. పుట్టినప్పటి బరువే చివరి ఎత్తును నిర్ణయించదన్న మాటకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది మొదటి రెండేళ్లలోనే తోటివారిని అందుకుంటారు. మరీ నెలలు తక్కువగా పుట్టినవారికి ఇంకాస్త సమయం పట్టొచ్చు. కొద్దిమంది మాత్రం పొట్టిగానే ఉండిపోతారు. రెండేళ్లు దాటినా ఎత్తు గ్రోత్ చార్టు గీతకు బాగా కిందే ఉంటే, ఎదుగుదల హార్మోన్ల నిపుణుడికి చూపించమని డాక్టరును అడగండి.

బరువు విషయంలో మధ్యతరగతి ఇళ్లలో ఇంకో సమస్య ఉంది. బిడ్డ పిత్తపరిగెలా ఉందని ఎవరో ఒకమాట అంటారు. అంతే, డబ్బాపాలు, బిస్కెట్లు, చక్కెర కలిపిన పాలు, వెంటపడి తినిపించడం మొదలవుతాయి. ఎదుగుదల అంటే కొవ్వు కాదు. కండ, ఎముక, మెదడు ఎదగాలి. తక్కువ బరువుతో పుట్టి, తర్వాత బాల్యంలో అతిగా బరువు పెరిగిన వారికి పెద్దయ్యాక షుగరు, బీపీ, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఆరు నెలల వరకు తల్లి పాలు, ఆ తర్వాత మెత్తగా చిదిమిన పప్పన్నం, నెయ్యి, గుడ్డు, కూరగాయలు, పండ్లు చాలు. బరువు ఒక్కటే కాకుండా పొడవు, తల చుట్టుకొలత కూడా ప్రతిసారీ కొలిపించి చార్టులో గుర్తు పెట్టించండి. ఆ గీత క్రమంగా పైకి సాగుతోందంటే, బిడ్డ సన్నగా కనిపించినా బాగున్నట్టే.

రోమ్‌లో ఆరు రోజులు

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా అథ్లెట్ల బృందంలో పదహారేళ్ల విల్మా అందరికంటే చిన్నది. 200 మీటర్లలో హీట్స్ దగ్గరే ఆగిపోయింది. రిలేలో కాంస్యం గెలిచింది. రెండేళ్లకు తల్లయింది. కుటుంబం పాపను చూసుకుంటే, ఆమె యూనివర్సిటీలో చదువు, శిక్షణ కొనసాగించింది.

1960 సెప్టెంబరు, రోమ్. 100 మీటర్ల సెమీఫైనల్లో 11.3 సెకన్లతో ప్రపంచ రికార్డును సమం చేసింది. సెప్టెంబరు 2న ఫైనల్లో 11 సెకన్లకే గెలిచింది. వెనుకగాలి పరిమితికి మించి ఉండటంతో ఆ సమయం రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. 5న 200 మీటర్ల స్వర్ణం. 7న 400 మీటర్ల రిలేలో ఆఖరి పరుగు ఆమెదే. బ్యాటన్ అందుకునేటప్పుడు తడబాటు జరిగింది. అయినా ముందున్నవారిని దాటేసి మూడో స్వర్ణం తెచ్చింది. ఒకే ఒలింపిక్స్ పరుగు పందేల్లో మూడు స్వర్ణాలు గెలిచిన తొలి అమెరికా మహిళ ఆమె.

సొంత ఊరు క్లార్క్స్‌విల్ ఊరేగింపుతో స్వాగతం పలికింది. నల్లవారు, తెల్లవారు వేరుగా ఉండే వేడుకకు తాను రానని విల్మా ముందే తేల్చిచెప్పింది. దాంతో ఆ ఊరి చరిత్రలో మొదటిసారి అందరూ కలిసి ఊరేగారు, కలిసి భోంచేశారు. తనకు చికిత్స కోసం 80 కిలోమీటర్లు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ఆమె మరచిపోలేదు.

1962లో పరుగు ఆపేసింది. 1963లో డిగ్రీ పూర్తిచేసి, తాను చదువుకున్న ప్రాథమిక పాఠశాలలోనే టీచరైంది. నలుగురు పిల్లల తల్లి అయింది. 1977లో ఆత్మకథ రాసింది. 1981లో పేదపిల్లలకు క్రీడలు నేర్పే సంస్థను ప్రారంభించింది. 1994 నవంబరు 12న, 54 ఏళ్ల వయసులో మెదడు క్యాన్సర్‌తో కన్నుమూసింది.

మీ బిడ్డకు పతకం అక్కర్లేదు

తక్కువ బరువుతో పుట్టిన ప్రతి బిడ్డా విల్మా కాదు, కావాల్సిన పని కూడా లేదు. కొందరికి కంటిచూపు, వినికిడి, కదలికల్లో ఇబ్బందులు మిగలొచ్చు. అలాంటి పిల్లల తల్లిదండ్రులు తక్కువ కష్టపడ్డారని కాదు. తన శక్తి మేరకు ఆ బిడ్డ ఎదగడమే గెలుపు. అందుకు మీ చేతిలో ఉన్నవి ఇవి:

* నెలలు నిండకుండా, రెండు కిలోల లోపు బరువుతో పుడితే నెలలోపే కంటి రెటీనా పరీక్ష చేయించండి. ఇది వాయిదా పడితే చూపు పోవచ్చు. వినికిడి పరీక్ష కూడా తప్పనిసరి.
* కంగారూ కేర్, తల్లి పాలు ఇంటికొచ్చాక కూడా కొనసాగించండి. బిడ్డను చూడవచ్చినవాళ్లు చేతులు కడుక్కున్నాకే ముట్టుకోనివ్వండి. జలుబు ఉన్నవాళ్లను దూరంగా ఉంచండి.
* టీకాలకు పుట్టిన తేదీ, ఎదుగుదలకు సవరించిన వయసు లెక్కపెట్టండి.
* పాలు తాగడం తగ్గినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, మందకొడిగా ఉన్నా తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* బిడ్డ బాగానే ఉందనిపించినా ఫాలోఅప్ మానకండి. రెండేళ్ల దాకా డాక్టరు చెప్పిన ప్రతి తేదీకీ వెళ్లండి.

విల్మా కాలికి బలం తెచ్చింది ఒక్కరోజులో జరిగిన అద్భుతం కాదు. బస్సు తప్పిపోకుండా చూసుకున్న ఒక తల్లి, రోజుకు నాలుగుసార్లు వంతులు వేసుకున్న అన్నలూ అక్కలూ ఆ పని చేశారు. మీ బిడ్డ తర్వాతి ఫాలోఅప్ తేదీ ఎప్పుడో ఇప్పుడే ఒకసారి చూడండి. గోడ క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, ఆ రోజు వెంట ఎవరు వెళ్లాలో ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి.